చేతులకు తెలిసిన తాళం

ఫొటో స్టూడియో ఆయన పాత లాప్‌టాప్ ముందు కూర్చుని తల పట్టుకున్నాడు. దానికి పెట్టుకున్న రెండు రహస్యపు మాటలూ గుర్తున్నాయి. ఏది దేనికో గుర్తులేదు. ఒకటి కొడితే తెరుచుకుంటుంది. రెండోది కొడితే లోపలున్నదంతా బూడిదే, దేవుడు దిగొచ్చినా తిరిగి రాదు. లోపలున్నది పోయిన భార్య నవ్వూ మాటా ఉన్న ఒకే ఒక్క వీడియో.

ఇదంతా చేజేతులా చేసుకున్నదే. అప్పట్లో వైరస్ వచ్చి ఎవరిదో పెళ్లి ఆల్బం మొత్తం మింగేసింది. దాంతో ఆయనకు ఎక్కడలేని పౌరుషం పుట్టుకొచ్చింది. కంప్యూటర్ల భద్రతను పరీక్షించే నిపుణులు వాడే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం తెచ్చి ఎక్కించాడు. అందులో తాళాలు విప్పే పనిముట్లు కొల్లలు. ఒక్కదాన్నయినా ముట్టుకున్న పాపాన పోలేదు మహానుభావుడు. దాంట్లోనే పాటలు విన్నాడు, పాస్‌పోర్టు ఫొటోలు కత్తిరించాడు, కరెంటు బిల్లు కట్టాడు. ప్రింటరును దానికి అలవాటు చేసేసరికి తాతలు దిగొచ్చారు.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే," అని భార్య ఆటపట్టించేది. హ్యాకరుగారని పేరు కూడా పెట్టింది. ఆవిడకు ఆయన పెట్టిన పేరు సీఐడీ. తెరిచే మాటతో పాటు, దొంగలు ఎత్తుకుపోతే అన్నీ తుడిచేసే మాట కూడా ఉండాలని, ఆ రెండు పేర్లనే రహస్యపు మాటలుగా పెట్టుకుని మురిసిపోయాడు. కాపీ తీసుకోవాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. ఎంత బాగుండేవో ఆ రోజులు. ఆవిడ పోయాక చూసే ధైర్యం లేక దాన్ని అటకెక్కించాడు.

"రిపేరు షాపులో ఇద్దాం నాన్నా," అంది కూతురు.

"మీ అమ్మని పరాయివాళ్ల చేతుల్లో పెట్టనే."

"పోనీ, రోజూ కొట్టినదేగా. చేతులకు గుర్తుండదా?"

"ఆలోచిస్తుంటే వేళ్లు బిగుసుకుపోతున్నాయే. అప్పుడు ఆలోచించేవాణ్ణా? ఓ పక్క కొడుతూనే ఉండేవాణ్ణి, మీ అమ్మ వంటింట్లోంచి పిలుస్తూనే ఉండేది."

కూతురు వంటింట్లోకి వెళ్లింది. ఆయన కీబోర్డు మీద చేతులు పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు.

"హ్యాకరుగారూ, అన్నం చల్లారిపోతోంది. వస్తున్నారా లేదా?" వంటింట్లోంచి వినబడింది. అచ్చం తల్లి గొంతే.

"ఆఁ, వస్తున్నా," అన్నాడు అలవాటుగా. అనేసరికే వేళ్లు తమ పని కానిచ్చేసి ఎంటర్ కూడా నొక్కేశాయి. తెర కాసేపు నల్లగా ఉండిపోయింది. తర్వాత ఆ లైనక్స్ గుర్తయిన నీలిరంగు డ్రాగన్ బొమ్మ ప్రత్యక్షమైంది, పక్కనే కరెంటు బిల్లులతో సహా.

కూతురు పరుగున వచ్చింది. ఆయన వీడియో నొక్కాడు. వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని ఆవిడ నవ్వుతోంది.

"ఆ కెమెరా పక్కన పెట్టి తిండికి లేవండి."

"వస్తున్నా, ఒక్క నిమిషం," అంది కెమెరా వెనకాల నుంచి ఆయన గొంతే.

"మీ నిమిషం ఎప్పటికి అయ్యేనో," అంది ఆవిడ.

కళ్లు తుడుచుకుని ఆయన ఈసారి వెంటనే లేచాడు.