ఎర్ర పీలిక కట్టిన వంకాయలు

మా ఆయనకు తొందర పుట్టుకతోనే వచ్చింది. కూర ఇంకా పొయ్యి మీద ఉడుకుతుండగానే కంచం ముందు పెట్టుకుని కూర్చునే రకం. ఆయన అక్క, అంటే మా వదిన, నిదానానికి పెట్టింది పేరు. ఇద్దరూ కలిసి ఒకే కూరగాయల తోట ఇన్నేళ్లు ఎలా చేశారో ఆ దేవుడికే తెలియాలి.

తోటలో అన్నీ ప్యాకెట్ విత్తనాలే, ఒక్క వరస తప్ప. ఆ వరస వదినది. ముళ్ల వంగ. ఆకుల ఈనెల మీద కూడా సన్నటి ముళ్లుంటాయి. కోసేటప్పుడు తిట్టుకోని వాళ్లు లేరు, తినేటప్పుడు మెచ్చుకోని వాళ్లూ లేరు. ఏటా మంచి కాయలు ఏరి, తొడిమలకు ఎర్ర గుడ్డ పీలికలు కట్టేది. పీలిక కట్టిన కాయ మీద ఎవరూ చెయ్యి వేయకూడదు. పసుపుపచ్చగా మారి మెత్తబడేదాకా అది చెట్టునే ఉండాలి. ఆ గింజలే మరుసటి కారు పంటకు విత్తనం. పాత గింజ సరిగా మొలవదని, ఏ ఏటి గింజ ఆ ఏడే చల్లేసేది. వాళ్లమ్మ నాటి నుంచీ అంతే.

చలి మొదలయ్యే రోజుల్లో వదిన కంటి ఆపరేషన్‌కని టౌన్లో ఉన్న కూతురింటికి వెళ్లింది.

"నా వరస జోలికి పోకురా. నేనొచ్చేసరికి పండుతాయి," అని తమ్ముడికి మరీ మరీ చెప్పింది.

"నేనేమన్నా చిన్నపిల్లాణ్ణా అక్కా?"

ఆమె అటు వెళ్లిందో లేదో, ఇటు క్యాబేజీ నారు ముదరడం మొదలుపెట్టింది. ట్రాక్టరతను రేపు వస్తానన్నాడు. రేపు కాకపోతే మళ్లీ ఎప్పటికో. దున్నడానికి వదిన వరస అడ్డం.

"కాయలు కోసి చూరుకు వేలాడదీస్తే అవే పండుతాయి. అరటికాయలు పండట్లా?" అన్నాడు మా ఆయన.

"వదిన వద్దంది కదండీ."

"అక్కదంతా చాదస్తం."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు! పీలికలతో సహా కాయలన్నీ కోసి చూరుకు కట్టాడు. మధ్యాహ్నానికల్లా ఆ వరస మట్టిలో కలిసిపోయింది.

నల్ల కళ్లద్దాలతో వదిన తిరిగొచ్చేసరికి కాయలు వడలి ముడతలు పడ్డాయి. ఒకటి కోసి, గింజల్ని వేళ్ల మధ్య నలిపి చూసింది.

"చెట్టున పండాలిరా. ఇవి గింజలు కావు, పొట్టు."

అంతే అంది. నాలుగు తిట్టినా బాగుండేదే అని ఆయన తర్వాత నాతో అన్నాడు.

ఇక చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం. ఒకప్పుడు వదిన ఆ విత్తనం చుట్టుపక్కల అందరికీ పంచింది. ఆయన ఇంటింటికీ తిరిగి అడిగాడు. అందరిదీ ఒకటే జవాబు: "ఆ ముళ్ల గొడవ మనకెందుకు, హాయిగా ప్యాకెట్ కొనుక్కోండని నువ్వే కదయ్యా చెప్పావు?" ఆ పూట కంచం ముందు కూర్చున్నాడే కానీ ముద్ద ఎత్తలేదు. నాకు కోపం పోయి జాలేసింది.

వదినకు ఆశ చావలేదు. ఎండలు తగ్గగానే ఆ గింజల్నే చిన్న మడిలో చల్లి రోజూ నీళ్లు పోసింది. ఒక్కటీ మొలవలేదు. ఒక పొద్దున మా ఆయన ఆ మడి మీదికి వంగి ఏదో చల్లుతూ నా కంటబడ్డాడు. ప్యాకెట్ వంగ గింజలు.

"అక్క మొహం చూడలేకపోతున్నానే," అన్నాడు.

మొలకలు వచ్చాయి. వదిన ఆనందం పట్టలేకపోయింది. "చూశావటే అమ్మాయ్! నా విత్తనం చావలేదు!" అని నన్ను కేకేసింది. మా ఆయన అటు తిరిగి, శుభ్రంగా ఉన్న పారనే తుడుస్తూ నిలబడ్డాడు.

నారు నాటే రోజు వచ్చింది. వదిన ఒక మొక్క పీకి, అలవాటుగా ఆకు ఈనె మీద బొటనవేలితో నిమిరింది. ఇంకో మొక్క తీసి మళ్లీ నిమిరింది. ఎక్కడా ముల్లు లేదు. తమ్ముడి వైపు ఒకసారి చూసింది.

"నారు బాగుందిరా," అంది చివరికి. "ఎండెక్కకముందే నాటేద్దాం పట్టు."

ఆ కారు వంగ విరగకాసింది. బుట్టలకు బుట్టలు సంతకు పోతున్నాయి. మా ఆయన మాత్రం రోజూ ఆ వరస చివరిదాకా నడిచి, ప్రతి తొడిమా చూసి వచ్చేవాడు. ఒకరోజు ఉండబట్టలేక, ఎర్ర గుడ్డ ఒకటి పీలికలుగా చింపి తీసుకెళ్లాడు.

"ఈసారి పీలికలు కట్టలేదేం అక్కా?"

వదిన కాయలు కోస్తూనే ఉంది.

"వేటికి కట్టమంటావురా?"