గుట్టకూ సముద్రానికీ నడుమ

కంబోడియా నుంచి శ్రవణ్ తిరిగొచ్చి మూడు వారాలైంది. కంప్యూటర్ ఉద్యోగమని ఏజెంటు తీసుకెళ్లి, ఫోన్లలో జనాన్ని మోసం చేయించే కంపెనీకి అప్పజెప్పాడు. అక్కడి నుంచి పారిపోయి, సరిహద్దు గుట్టలు దాటి వచ్చాడు. చౌటుప్పల్ పక్కనున్న వాళ్ల ఊళ్లో వచ్చినవాళ్లందరూ ఒకటే అడిగేవారు. "కొట్టిండ్రా? కరెంటు పెట్టిండ్రా?" శ్రవణ్ గోడవైపు తిరిగి పడుకునేవాడు.

తండ్రి గండయ్య ఆ మాట ఎత్తలేదు. యాభై ఏళ్లుగా మగ్గం మీద కూర్చున్న మనిషి. హైదరాబాదు దాటి ఎరగడు. కానీ కొడుకు ఏ దారిన వచ్చాడో తెలుసుకోవాలని లోపల ఒకటే ఆరాటం. ఒకనాడు పొద్దున నేత ఆపి అడిగాడు.

"నువ్వు గుట్ట దిగినంక దొరికిన ఊరు పేరేందిరా?"

శ్రవణ్ గోడవైపు తిరిగే చెప్పాడు. "క్లాంగ్ యాయ్. థాయిలాండ్‌ల ఉంటది."

"అంటే ఏంది?"

"పెద్ద కాల్వ అని అర్థమంట."

గండయ్యకు నవ్వొచ్చింది. "గంత దూరం పోయి పెద్ద కాల్వ కాడ దిగినవా! ఎట్లుంటది?"

"ఒక దిక్కు గుట్టలు, ఒక దిక్కు సముద్రం. నడుమ సన్నటి పట్టీ. ఒక్క కాడనైతే గుట్టకూ సముద్రానికీ నడుమ నాల్గువందల యాభై మీటర్లే ఉంటది, నాయినా. ఆ దేశంల గదే అన్నిటికన్నా సన్నటి జాగా."

"నాల్గువందల యాభై అంటే ఎంత?"

శ్రవణ్ లేచి కూర్చున్నాడు. "మన ఇంటికాంచి పెద్దరోడ్డు దాకా ఉంటదేమో."

"పా, చూద్దాం."

తిరిగొచ్చాక కొడుకు గడప దాటడం అదే మొదటిసారి. భార్య ఉప్పలమ్మ చేతిలో పని వదిలేసి వాకిట్లోకొచ్చి చూసింది. గండయ్య అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. ఆరువందల అడుగులకు హైవే తగిలింది. లారీలు రయ్యిమని పోతున్నాయి. ఆయన వెనక్కి తిరిగి తన ఇంటిని చూసి, మళ్లీ రోడ్డును చూశాడు.

"గిది సముద్రం, మన ఇల్లు గుట్ట అనుకో. నడుమ గింతేనా దేశం?"

"గింతే. గుట్ట మీద పడ్డ వాన ఇటు పారితే థాయిలాండ్, అటు పారితే కంబోడియా."

"మరి నువ్వు?"

"అటు కాంచి ఎక్కిన. రెండు దినాలు ఎక్కిన. ఇటు దిగినంక రొయ్యలు ఎండబోస్తున్న ఒక పెద్దామె నా కాళ్లు చూసింది. నెత్తురు కారుతుండె. సునీ ఆమె పేరు. గంజి పోసింది."

ఇంటికొస్తూ శ్రవణ్, సునీ తనకు ఫోన్లో తర్జుమా చేసి చెప్పిన సంగతులన్నీ తండ్రికి చెప్పాడు. ఆమె అమ్మమ్మ చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ సీమనంతా ఫ్రెంచివాళ్లు తీసుకున్నారు. మూడేళ్లకు తిరిగి ఇచ్చేశారు. పక్కనున్న కో కాంగ్‌ను మాత్రం ఇవ్వలేదు. ఇవాళ అది కంబోడియాలో ఉంది. సునీ చెల్లెల్ని అక్కడికే ఇచ్చి పెళ్లి చేశారు. వాళ్లింట్లో ఇప్పటికీ థాయి మాటే నడుస్తుంది.

గండయ్య నడక ఆపాడు. "మనకు జిల్లా మారింది చూడు. మనం భువనగిరికి పోయినం, మీ అమ్మ పుట్టిల్లు కేతేపల్లి నల్లగొండలనే ఉండె. కలెక్టరు కచ్చేరి మారిందని నేను కొన్నొద్దులు తిప్పలు పడ్డ. వాళ్లకు దేశమే మారిందా? ఆమెతో ఒకసారి మాట్లాడిపియ్."

శ్రవణ్ తల వంచుకున్నాడు. దొంగదారిన సరిహద్దు దాటినందుకు అక్కడి పోలీసులకు లొంగిపోయేటప్పుడు సునీయే వెంట వెళ్లింది; వాళ్లే అతణ్ణి ఇంటికి పంపారు. ఇల్లు చేరాక ఆమెకు ఒక్క ఫోనన్నా చేయలేదు. అయినా ఆ సాయంత్రం నంబరు కలిపాడు. తెరమీద తెల్లజుట్టు ఆమె కనబడి, వాణ్ణి చూడగానే రెండు చేతులూ జోడించింది.

"మా పిలగాన్ని కాపాడినవు, అక్కా," అన్నాడు గండయ్య. తర్వాత మాట తడుముకుని, "మీ చెల్లె మంచిగుందా?" అని అడిగాడు.

ఫోను ఆ మాటను థాయిలోకి మార్చింది. ఆమె ముఖం చిన్నబోయింది. రెండు దేశాలకూ కొట్లాటొచ్చి సరిహద్దు గేటు మూసేశారట. కూతవేటు దూరంలో చెల్లెలున్నా ఫోన్లోనే చూసుకుంటున్నారట. తర్వాత ఆమె కూడా ఒకటి అడిగింది. "మీ ఊరి సముద్రం ఎటువైపు ఉంది?"

"మాకు సముద్రం లేదక్కా. అన్నీ బండలే."

సముద్రమే లేని ఊరుంటుందా అన్నట్టు ఆమె చాలాసేపు నవ్వింది. ఉప్పలమ్మ కూడా నవ్వింది. శ్రవణ్ నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాడు.

ఫోను పెట్టేశాక ఎవరూ అడగకుండానే వాడు మొదలుపెట్టాడు. ఆ కంపెనీ మేడ, తాళం వేసిన గదులు, తిన్న దెబ్బలు అన్నీ చెప్పాడు. గండయ్య కొడుకు చెయ్యి పట్టుకుని చివరిదాకా విన్నాడు.

"నాతోటి ఉన్న ఇద్దరు ఇంకా అక్కడనే ఉన్నరు, నాయినా. విజేందర్‌ది పాలమూరు దిక్కు. ఇంకొకాయన పరమేష్."

మర్నాడు తండ్రీ కొడుకూ చౌటుప్పల్ పోలీసు స్టేషనుకు వెళ్లారు. ఏజెంటు మీద ఫిర్యాదు రాసిచ్చారు. అడుగున ఆ ఇద్దరి పేర్లు, ఆ మేడ ఉన్న వీధి గుర్తులు శ్రవణే తన చేత్తో రాశాడు.