ఏడో ఇంజక్షను

పెళ్ళయిన తొమ్మిదో ఏట వసంతకుమారికి నడినెత్తిన జుట్టు పలచబడింది. పాపట నానాటికీ వెడల్పై తల చర్మం బయటపడింది. ఆమె భర్త శ్రీమన్నారాయణకు ఉదయగిరి బజారులో బెల్లం, నూనెల అంగడి. అక్కడికి వచ్చే ఆడవాళ్ళు ఆమె ముఖం కంటే ముందు నెత్తి చూసేవాళ్ళు. పేరంటాలకు పిలవడం మానేశారు. పిల్లలు లేరన్న మాట ఎటూ ఉంది, దానికి ఇది తోడయింది.

1954లో ఆత్మకూరు డాక్టరు రెబెకమ్మ, మద్రాసులో తనకు చదువు చెప్పిన ప్రొఫెసరు కోసం ఒక హార్మోను మందును పరీక్షిస్తోందని తెలిసి, భర్త వసంతను బస్సులో అక్కడికి తీసుకెళ్ళాడు.

"ఇది ఆడవాళ్ళ ఒంట్లో ఊరేదేనమ్మా. జుట్టు మొలుస్తుందని మాట ఇయ్యను. మొలుస్తుందో లేదో చూసేదానికే వేస్తుండాను. ఒంట్లో ఏ మార్పొచ్చినా నాతో చెప్పాల" అన్నది రెబెకమ్మ.

పదిహేను రోజులకొక ఇంజక్షను. ప్రతిసారీ డాక్టరు నెత్తి మీద ఒకే చోట భూతద్దం పెట్టి వెంట్రుకలు లెక్కించి రాసుకునేది. నాలుగోసారికి సన్నటి నూగు కనబడింది.

ఆ నెల వసంత బయట చేరలేదు. పై నెలా చేరలేదు. చెబితే మందు ఆపేస్తారేమోనని మొదట భయపడింది. తర్వాత ఆశ ఆ భయాన్ని మింగేసింది.

అత్త హనుమాయమ్మ కనిపెట్టింది. "ఇంక నువ్వు బిందె ఎత్తొద్దు" అని చేతిలోది లాక్కుంది. నాలుగిళ్ళకూ చెప్పింది. పేరంటానికి మళ్ళీ పిలుపులొచ్చాయి. ఆమె నెత్తి ఎవరూ చూడలేదు.

ఆరో ఇంజక్షను అయ్యాక వసంత సిగ్గుపడుతూ సంగతి చెప్పింది. రెబెకమ్మ పరీక్ష చేసి, చేతులు కడుక్కుని, ఎదురుగా కూర్చుంది.

"బిడ్డ లేదమ్మా. ముట్టు ఆపింది ఈ మందే. ఇట్టా అవుతుందని ముందే నేను విడమరిచి చెప్పాల్సింది. తప్పు నాదే. ఇంక వెయ్యను."

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు వసంత. పదిహేనో రోజున ఒక్కతే బస్సెక్కి వచ్చింది.

"ఇంకొకటి వెయ్యండమ్మా."

"జుట్టు కోసమా?"

"జుట్టు పోతే పోనీండి. మా అత్త అందరికీ చెప్పుకునుండాది. ఇంకో నెల అట్టే ఉండనీండి."

"ఆ పై నెల ఏం చేస్తావు?"

వసంత రవిక చెయ్యి పైకి మడుచుకుంది. డాక్టరు సూది తీయలేదు.

వారం తిరక్కుండా రక్తం కనబడింది. పెరటి వసారాలో ఒక మూల కూర్చున్న కోడలిని చూసి హనుమాయమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. కంచం దూరంగా పెట్టి లోపలికి పోయింది.

రెండు నెలలకు ఆ నూగు కూడా దువ్వెనతో ఊడి వచ్చింది.

"నెల్లూరులో ఇంకో డాక్టరు ఉండాడంట" అన్నాడు శ్రీమన్నారాయణ.

"వొద్దు" అన్నది. ఆ తర్వాత ఆమె పెరటి దారినే తిరిగింది, వీధి గుమ్మం దాటలేదు.