సందేహాల పెట్టెలో కప్ప

నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపేశాను గానీ, భయపడటంలో మాత్రం చాలా పెద్ద చదువే చదివాను. మా అమ్మాయి వీధి మలుపు తిరిగేలోపు దానికి జరగగల ప్రమాదాలు ఆరేడు నా కళ్లముందు జరిగిపోతాయి. క్షేమంగా తిరిగొచ్చినా నాకు పూర్తిగా నమ్మకం కుదరదు. "నీ భయాలకి జీతం ఇచ్చేవాళ్లుంటే ఈపాటికి మేడ కట్టేసేవాళ్లం," అంటారు మా ఆయన.

అమ్మాయికి మా ఊరి గ్రంథాలయంలో లైబ్రేరియన్ ఉద్యోగం వచ్చిందన్నప్పుడు మొదట కాస్త ఊపిరాడింది. పుస్తకాలు కరవవు కదా అనుకున్నాను. వెళ్లి చూస్తే బీరువాలు పైకప్పును తాకుతున్నాయి. వాటికి ఆనించి ఒక పాత నిచ్చెన. ఇంకేముంది!

ఆ గ్రంథాలయానికి డెబ్భై ఏళ్లు దాటాయి. రిటైరైన బడిపంతులొకాయన గోదాములో ఒక గది అడిగి పుచ్చుకుని, ఇల్లిల్లూ తిరిగి పోగేసిన అరవై పుస్తకాలతో మొదలుపెట్టాడట. ఇప్పుడు మూడు గదులు. ముందు గదిలో పత్రికలు, మధ్య గదిలో బీరువాలు, వెనకది పిల్లల గది. వారానికోసారి తోపుడు బండి మీద ఆసుపత్రి రోగులకు కూడా పుస్తకాలు వెళ్తాయి. వీటన్నిటినీ మించి ఆ పంతులు పెట్టిన వింత ఒకటుంది, సందేహాల పెట్టె. ఎవరైనా చీటీ మీద ప్రశ్న రాసి అందులో వేయొచ్చు. పేరు రాయక్కర్లేదు. లైబ్రేరియన్ పుస్తకాలు వెతికి, ఏ పుస్తకంలో ఎన్నో పేజీలో ఉందో చెప్తూ జవాబు రాసి గోడమీది బోర్డుకు గుచ్చాలి. పెట్టె మూత మీద పంతులు తెల్లరంగుతో రాయించిన మాట ఇంకా చెరగలేదు: "అడిగినది ఎవరని అడగము."

అమ్మాయి చేరేసరికి ఆ పెట్టెలో సాలీడు కాపురం పెట్టింది. దాన్ని దులిపి, తుడిచి, గుమ్మం పక్కనే పెట్టింది. నెల తిరిగినా ఒక్క చీటీ పడలేదు. అంతలో పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. సందేహాలు అడిగేవాళ్లే లేకపోతే ఇక్కడ లైబ్రేరియన్ ఎందుకనీ, పేపర్లు పరచడానికి అటెండరు చాలుననీ, ఆరు నెలల్లో అధికారి వచ్చి చూసి తేలుస్తారనీ దాని సారాంశం. అమ్మాయి ఉత్తరం మడిచి పక్కన పెట్టి భోజనానికి కూర్చుంది. నాకే ముద్ద దిగలేదు.

మర్నాడే రంగంలోకి దిగాను. అటక మీది పాత నోటుపుస్తకం దించి, కాగితాలు చింపి, కత్తెరతో చీటీలు చేశాను. పత్రిక చదవడానికన్నట్టు వెళ్లి, అటెండరమ్మ అటు తిరగగానే పెట్టెలో వేసేదాన్ని. ఒకరోజు నల్ల సిరా, ఒకరోజు నీలం, ఒకరోజు ఎడమచెయ్యి. వేషాలు బాగానే వేశాను గానీ ప్రశ్నల దగ్గరే చిక్కొచ్చింది. లోకంలో తెలుసుకోవాల్సినవి నక్షత్రాలున్నాయి, రాజులున్నారు, సముద్రాలున్నాయి. నాకు ఒక్కటీ తట్టలేదు. తట్టినవి ఇవి: "ఇనప బీరువా పక్కన నిలబడితే పిడుగు పడుతుందా?" "పుస్తకాల దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులు చెడతాయా?" "కాలికి తిమ్మిరెక్కితే పక్షవాతమా?" "పాత నిచ్చెన ఎంత బరువు ఆపుతుంది?"

అమ్మాయి ఓపిగ్గా అన్నిటికీ జవాబులు గుచ్చింది. అవి చదవడానికి జనం బోర్డు దగ్గర ఆగడం మొదలైంది. ఒకరోజు మా వీధి టైలరు గట్టిగా చదివి, "ఈ ఊళ్లో ఎవరో పాపం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతుకుతున్నారండీ," అన్నాడు.

"అవును, ఎవరో ఏమిటో," అన్నాను నేను.

చెప్పినట్టే ఆరు నెలలు తిరిగేసరికి అధికారి దిగాడు. జేబులో మూడు పెన్నులు. అన్ని పెన్నులున్న మనిషి ఏదో ఒకటి కొట్టేయకుండా పోడనిపించింది. పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. అమ్మాయి నలభై మూడు చీటీల కట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన ఒక్కొక్కటే చదివాడు. తర్వాత ఒకటి తిరగేశాడు. ఇంకొకటి తిరగేశాడు. అన్నిటినీ బల్ల మీద బోర్లా పరిచి అటూ ఇటూ జరపసాగాడు.

"ఏమ్మా, ఈ కాలు ఎవరిది?"

"కాలా సార్?"

"ఇదిగో కాలు. ఇది పొట్ట. ఇక్కడ గుండె, బాణం గుర్తేసి రాశారు కూడా."

బల్ల మీద ఒక కప్ప వెల్లకిలా పడుకుని ఉంది. పక్కన సగం పువ్వు.

నేను చింపిన నోటుపుస్తకం అమ్మాయి పదో తరగతిలో సైన్సు బొమ్మలు వేసుకున్నది. వెనక వైపంతా ఖాళీగా ఉంది కదా అని మురిసిపోయానే గానీ, ముందు వైపు కూడా ఎవరైనా చూస్తారని నా బుర్రకు తట్టలేదు.

"కప్ప నేనేసిందే సార్," అంది అమ్మాయి.

"అంటే ప్రశ్నలూ నువ్వే వేసుకున్నావన్నమాట."

పేపరు పక్కన పడేసి లేచాను. "కాదయ్యా! నేను వేశాను. అన్నీ నావే. పిల్లకేం తెలీదు. జైల్లో పెడితే నన్ను పెట్టండి!"

"జైలెందుకమ్మా?"

"మరి దొంగ చీటీలు కదండీ?"

అటెండరమ్మ కిసుక్కున నవ్వింది. "నాకు మొదటివారమే తెలుసు సార్. పేపరు తలకిందులుగా పట్టుకుని గంటసేపు చదివేది ఈవిడొక్కరే."

"నీకూ తెలుసా?" అని అధికారి అమ్మాయిని అడిగాడు.

"తెలుసు సార్. నిచ్చెన గురించి అంత బెంగ మా అమ్మకే ఉంటుంది."

"మరి జవాబులెందుకు రాశావు?"

అమ్మాయి పెట్టె మూత చూపించింది. ఆయన చదివాడు గానీ నవ్వలేదు. నా చీటీలన్నీ ఏరి పక్కన పెట్టాడు. ముప్ఫై రెండు. "ఇవి లెక్కలోకి రావు," అన్నాడు. పదకొండు మిగిలాయి. ఒకటి బస్సు టికెట్టు వెనక రాసింది, ఒకటి మందుల చీటీ అంచు.

"ఇవీ మీవేనా?"

అన్నీ నావేనని అరిచాను కాబట్టి అవుననబోయాను. పైనున్నది చదివి ఆగిపోయాను. "బిడ్డ ఏడుపు ఆపకపోతే నాకు కొట్టాలనిపిస్తోంది. నేను చెడ్డ తల్లినా?"

"కాదండీ. ఇవి నావి కావు."

"అది నిన్ననే పడింది సార్. ఇంకా జవాబు వెతకలేదు," అంది అమ్మాయి.

"అయితే ఇప్పుడు వెతుకు. ఇక్కడ లైబ్రేరియన్ కావాలో అక్కర్లేదో అదే తేలుస్తుంది." చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టాడు.

అమ్మాయి తిన్నగా అయిదో బీరువా దగ్గరికి వెళ్లి నిచ్చెన ఎక్కింది. నేను కళ్లు మూసుకున్నాను. మూసిన కళ్లలో మెట్టు విరిగింది, బీరువా మీద పడింది, అంబులెన్సుకు పంక్చరు కూడా అయింది. తెరిచేసరికి అది పుస్తకంతో బల్ల దగ్గరుంది. మూడు నిమిషాలు కాలేదు.

"కోపం రావడం చెడ్డతనం కాదు, అలసట," అని చదివింది. "బిడ్డను పడిపోని చోట పడుకోబెట్టి, పక్క గదిలో కాసేపు కూర్చోండి. ఎవరినైనా సాయానికి పిలవండి. నూట పన్నెండో పేజీ సార్."

ఆ చదువుతున్న పిల్లే పసిగుడ్డుగా ఉన్నప్పుడు గుక్కపట్టి ఏడిస్తే, నేను గోడవైపు తిరిగి నిలబడి, నాలాంటి తల్లి భూమ్మీదే ఉండదనుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడగొచ్చని తెలీదు.

"ఇంత తొందరగా ఎలా దొరికింది?" అన్నాడు అధికారి.

"మా అమ్మ ప్రశ్నలు ముప్ఫై రెండింటికీ వెతికాను కదా సార్. జబ్బులు, ప్రమాదాలు, పిల్లల పెంపకం, ఆ బీరువాలన్నీ నోటికొచ్చేశాయి. రాజుల గురించి అడిగుంటే మాత్రం దొరికిపోయేదాన్ని."

ఈసారి ఆయన నవ్వాడు. మధ్య పెన్ను తీసి రిపోర్టులో రాసి, నాకు వినపడేలా చదివాడు: "ఆరు నెలల్లో పదకొండు ప్రశ్నలు. లైబ్రేరియన్ ఉండవలెను." కింద సంతకం పెట్టాడు.

నాకు ఏడుపు ఆగలేదు. అటెండరమ్మ గ్లాసుతో మంచినీళ్లు తెచ్చిచ్చింది. ఎక్కడ పట్టారో, కాచారో లేదో అడగకుండానే గటగటా తాగేశాను.