బోర్డు మీద లేని స్క్రూడ్రైవర్

విమానాశ్రయంలో మెకానిక్కులందరికీ ఆవిడ లెక్కలమ్మ. అక్కడే మెకానిక్కుగా ఉన్న మరిదికి మాత్రం వదిన. షెడ్డు గోడకు పెద్ద బోర్డు, దాని మీద ప్రతి పనిముట్టుకూ ఆకారం గీసి ఉంటుంది. పని ముగిశాక ఏది తన గీతలోకి చేరకపోయినా లెక్కలమ్మ విమానాన్ని కదలనివ్వదు. తిరిగే ఇంజనులో చిన్న నట్టు పడినా చాలు, లోపలి రెక్కలు తునాతునకలైపోతాయి.

ఆ రోజు బోర్డు నిండుగా ఉంది. ఆవిడ ఒక్కొక్కటీ వేలితో తాకి చూసి సంతకం చేసింది. ప్రయాణికులు మెట్లెక్కుతున్నారు. చెమట తుడుచుకుందామని జేబులో చెయ్యి పెట్టిన మరిదికి గుడ్డ దొరికింది, స్క్రూడ్రైవర్ దొరకలేదు.

అది బోర్డుది కాదు, ఇంటినుంచి తెచ్చుకున్నది. పిడికి టేపు చుట్టిన ఆ పాత సామాను లేనిదే అయ్యగారికి పని సాగదు. సొంత పనిముట్లు తేవద్దని వదిన నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పింది. వింటేగా! బోర్డులో దానికి గీతే లేదు కాబట్టి, అది పోయినా ఖాళీ కనిపించదు.

అతడు మిగతా జేబులన్నీ తడిమాడు, లేదు. చెబితే ఉద్యోగానికి ముప్పు. "మావాడు బుద్ధిమంతుడు" అని పూచీపడి ఆ ఉద్యోగం ఇప్పించింది వదినే. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే ఎవరికీ తెలియదు. పై మెట్టు మీద ఒక ముసలాయన మనవరాలి బూటు లేసు కట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. మరిది పరుగెత్తాడు.

"వదినా, విమానం ఆపించు! నా స్క్రూడ్రైవర్ ఇంజన్లో ఉండిపోయిందేమో."

"నీదా? నీదంటే?"

"ఇంట్లోది."

ఆవిడ ముఖం మాడిపోయింది. రేడియో అందుకుంది. ప్రయాణికులు సణుక్కుంటూ దిగారు. మూత తెరిస్తే, గొట్టాల మధ్య తాపీగా పడి ఉంది స్క్రూడ్రైవర్. అప్పుడు వేసింది అతడికి అసలు భయం.

జరిగినదంతా మేనేజరుకు ఆవిడే చెప్పింది. మరిదిని సస్పెండ్ చేశారు. పూచీపడినందుకు ఆవిడకూ అక్షింతలు పడ్డాయి.

సాయంత్రం తిట్లు తినడానికే వదినగారి గుమ్మం ఎక్కాడు. అప్పటికే కంచం పెట్టి ఉంది.

"సస్పెండ్ చేయించి భోజనం పెడతావేంటి వదినా?"

"స్క్రూడ్రైవర్ తెచ్చినవాడు మెకానిక్కు. వాడి సంగతి ఆఫీసులో తేలిపోయింది. విమానం ఆపమన్నవాడు నా మరిది. వాడికి కడుపునిండా పెట్టుకోవద్దూ?"

అతడికి దుఃఖం ఆగలేదు. పసివాడిలా ఏడ్చాడు.

"చాల్లే సంబడం. చేతులు కడుక్కుని కూర్చో," అంది వదిన, కళ్లు తుడుచుకుంటూ. "ఆగాగు. ముందు ఆ జేబులు దులుపు."