మొగలిలంక నీళ్ళు

నాకు కోపం ఎక్కువని మా ఇసుకలంకలో పిల్లల్నడిగినా చెబుతారు. శాలేమురాజు పడవంటే ముందు వినపడేది ఇంజను చప్పుడు, తరవాత నా తిట్లు. ముప్పై ఏళ్ళు రేపల్లె వైపు రేవుకి డీజిలు పడవ నడిపాను. అది మొరాయించినప్పుడల్లా అరిచీ అరిచీ అదే అలవాటైపోయింది. అందుకే హైడ్రోజను పడవ వచ్చిన రోజు నా అంత సంతోషించినవాడు లేడు. చప్పుడు లేదు, పొగ లేదు.

ఆ హైడ్రోజను మేమే తయారుచేసుకుంటాం. మా ఇసుక దిబ్బ మీద ఎండకి కొదవలేదు కాబట్టి సోలారు పలకలు అక్కడ పరిచారు. కానీ మా బోర్లలో వచ్చేది ఉప్పునీళ్ళు. మంచినీళ్ళున్నది ఏటికి అవతల మొగలిలంకలో. రేవు ఎవరిదన్న తగాదాతో మా తండ్రుల కాలం నుంచీ రెండు లంకలకీ మాటలు అంతంత మాత్రం. తనూజ అనే ఇంజనీరమ్మాయి రెండు ఊళ్ళనీ ఒకచోట కూర్చోబెట్టి ఒప్పించింది. వాళ్ళు నీళ్ళు శుద్ధి చేసి డ్రమ్ముల్లో ఇస్తారు. మా దగ్గరున్న యంత్రం ఎండ కరెంటుతో ఆ నీళ్ళని విడగొట్టి హైడ్రోజను తీస్తుంది. పడవ ఇద్దరిదీ, నడిపేది నేను.

శనివారం పరీక్ష పెట్టారు. అధికారుల ముందు పడవ మూడుసార్లు ఏరు దాటి రావాలి. దాటకపోతే యంత్రాన్నీ పడవనీ వేరే చోటికి తీసుకుపోతారు, నేను మళ్ళీ ఆ డీజిలు డొక్కు దగ్గరికే పోవాలి. అది తలచుకుంటేనే నాకు అన్నం సయించలేదు.

శనివారం పొద్దున్నే యంత్రం ఆగిపోయి ఎర్రదీపం వెలిగింది. తనూజ దాని నీళ్ళ తొట్టిలో మీటరు ముంచి చూసి, నీళ్ళు శుద్ధంగా లేవని చెప్పింది. ఇక నాకు పట్టపగ్గాల్లేవు. మొగలిలంకవాళ్ళు ఉత్త బోరునీళ్ళు పోసి పంపారని, వాళ్ళని నమ్మడం మాదే బుద్ధితక్కువని రేవులో నిలబడి అరిచాను. అప్పటికే వచ్చి కుర్చీల్లో కూర్చున్న అధికారులు కూడా అదంతా విన్నారు.

అవతల శుద్ధి చూసుకునేది మంగాయమ్మ. కబురు అందగానే చిన్న పడవలో వచ్చింది. వస్తూ వస్తూ తన దగ్గర మిగిలిన రెండు డ్రమ్ములూ వేసుకొచ్చింది. నన్ను ఒక్క మాటా అనకుండా, తన డ్రమ్ములో మీటరు ముంచమంది. నీళ్ళు స్వచ్ఛంగా ఉన్నాయి. మా తొట్టిలో ముంచితే అంకె ఎగబాకింది.

"దారిలో ఏమన్నా కలిసిందా అన్నయ్యా?" అని మెల్లగా అడిగింది.

ఏం కలుస్తుందని కసరబోయి ఆగాను. చొక్కా జేబులో పటిక ముక్క చేతికి తగిలింది.

వరదనీళ్ళు తాగి పెరిగినవాళ్ళం మేము. ఏటి మీద తెచ్చిన నీళ్ళల్లో పటిక తిప్పకపోతే మా లంకల్లో చెయ్యి ఊరుకోదు. ముందురోజు డ్రమ్ములు తెస్తుంటే ఒకదాంట్లో గడ్డిపరక కనిపించింది. దాన్ని తీసేసి, ఎందుకైనా మంచిదని అన్ని డ్రమ్ముల్లోనూ మూడేసిసార్లు పటిక తిప్పాను, మా ఆవిడ పుల్లమ్మ ఇంట్లో బిందెకి చేసినట్టే. పైగా ఎంతో మంచిపని చేశాననుకున్నాను.

తప్పు ఒప్పుకోవడం నాకు చేతకాదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ రోజు కోసం ఎదురుచూస్తున్న పుల్లమ్మ కూడా అక్కడే నిలబడి ఉంది. అయినా తప్పలేదు.

"నేనేనమ్మా. నీళ్ళు బాగుపడతాయని పటిక తిప్పాను. మీవాళ్ళని నానా మాటలూ అన్నాను. తప్పు నాది," అన్నాను.

తాగే నీళ్ళకి మంచిదే గానీ పటిక కూడా ఒక రకం ఉప్పేనని, అది పడకే యంత్రం చెడకముందే తనంతట తాను ఆగిందని, తొట్టి కడిగి ఈ కొత్త నీళ్ళు పోస్తే మళ్ళీ తిరుగుతుందని తనూజ ధైర్యం చెప్పింది. అధికారి మాత్రం కాగితం తీసి, ఇంతకీ పొరపాటు ఏ ఊరివాళ్ళదని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మంగాయమ్మ అందుకుంది.

"రెండూళ్ళదీనండి. ఈ నీళ్ళల్లో ఏమీ కలపకూడదని మేం చెప్పలేదు, ఆయన అడగలేదు. సాయంత్రం దాకా ఉండండి సార్. భోజనాలు మా లంకలో."

అధికారులు చేపల పులుసుకి వెళ్ళారు. రెండు లంకలవాళ్ళం కలిసి ఒక డ్రమ్ము నీళ్ళతో తొట్టి కడిగి, రెండోది అందులో పోశాం. ఆ రోజు ఎండ మండిపోయింది. అంత ఎండకి నేను సంతోషించడం అదే మొదలు. మూడింటికల్లా పడవ సిలిండరు నిండింది.

మూడుసార్లూ దాటాం. పడవకి చప్పుడు లేకపోవడంతో పుల్లమ్మ నన్ను ఎగతాళి చేసిన ప్రతి మాటా రెండు ఒడ్లకీ వినపడింది. యంత్రం మీ దగ్గరే ఉంటుందని అధికారి చెప్పేసరికి నాకు కళ్ళు చెమర్చాయి.

మొగలిలంకలో మంగాయమ్మ దిగుతుంటే జేబులోని పటిక ముక్క తీసి ఆమె చేతిలో పెట్టాను. నా దగ్గరుంటే మళ్ళీ తిప్పుతానేమోనని భయం.

ఆమె నవ్వి దాన్ని కొంగున ముడివేసుకుంది.

"సోమవారం డ్రమ్ములకి మీరే రండన్నయ్యా. ఇంకెవర్నీ పంపొద్దు," అంది.