ఇద్దరికి సరిపోయే తెర

నేను ఒక దోమతెరను. అయితే పుట్టిన చాలాకాలం దాకా దోమ ముఖం చూసి ఎరగను. ఈ మాట చెబితే నవ్వుతారని తెలుసు. నవ్వండి, నాకూ కొన్నాళ్లు నవ్వులాటగానే ఉండేది.

నన్ను తమిళనాడులో ఒక మిల్లులో నేశారు. దోమలు చచ్చే మందు నా దారం నిండా పట్టించారు. ఆ ఘాటుకు ఒక్క దోమ కూడా మా షెడ్డు దరిదాపులకు వచ్చేది కాదు. నా అంచు కుట్టినావిడ కుట్టుమిషను తొక్కుతూ పక్కావిడతో కూతురి చదువు గురించి చెప్పుకుంటూనే నా నాలుగు మూలలకూ నాలుగు తాళ్లు బిగించింది. నన్ను మడిచి, కవరులో పెట్టి, పైన ఒక బొమ్మ అంటించారు. ఆ బొమ్మలో మంచం మీద ఇద్దరు మనుషులు హాయిగా నిద్రపోతుంటారు. అంటే ఇద్దరికి సరిపోతానన్నమాట. దానికి నేను తెగ మురిసిపోయాను.

తర్వాత ఓడ ఎక్కించి ఇంగ్లండు పంపారు. లీడ్స్ అనే ఊళ్లో ప్రయాణపు సామాన్లు అమ్మే దుకాణంలో ఒక అర మీద కూర్చోబెట్టారు. ఆ అర మీద ‘ఇండియా వెళ్తున్నారా?’ అని రాసి ఉంది. ఇండియాలో పుట్టినదాన్ని అంత దూరం తీసుకొచ్చింది, మళ్లీ ఇండియా వెళ్లేవాళ్లకు అమ్మడానికట. మనుషుల వ్యాపారం నాకు అర్థం కాదు గానీ, ఆ బోర్డు చదివినప్పుడల్లా ఇంటి మీద గాలి మళ్లేది. నా పక్కన ఒంటికి రాసుకునే క్రీము గొట్టాలు ఉండేవి. వాటికీ దోమ అంటే ఏమిటో తెలియదు. బయట చలి, కిటికీల మీద మంచు. ఎవరు వస్తారు, ఎప్పుడు తీసుకెళ్తారు అని ఎదురుచూడటమే మా పని.

ముందుగా నన్నొక పెళ్లికూతురు కొంది. దోమల కోసం కాదు, మంచం చుట్టూ వేలాడదీసి ఫొటోలు దిగడానికి. విప్పి ముక్కు మూసుకుని మందు వాసన అంది. మర్నాడే మళ్లీ కవరులో చేరి అర మీదికి వచ్చిపడ్డాను. కొందరికి తెర కావాలి గానీ తెర చేసే పని అక్కర్లేదు.

ఆ తర్వాత వచ్చింది హైమావతి. ఆ ఊరి ఆసుపత్రిలో నర్సు. పాడేరు దాటి కొండల్లో ఉన్న ఒక చిన్న ఊరు ఆమెది. వీసా చిక్కులని కొన్నాళ్లు, డ్యూటీలని కొన్నాళ్లు ఇంటికి వెళ్లడం వాయిదా పడుతూనే వచ్చి, ఎట్టకేలకు వానాకాలంలో నెల సెలవు దొరికింది. ఆమె వెంట బిన్సి అనే మలయాళీ స్నేహితురాలు ఉంది. ఆమె కూడా అదే వార్డులో నర్సు. బిన్సి నా అర ముందు నిలబడి చిన్న ఉపన్యాసమే ఇచ్చింది. మలేరియా మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలని, తిరిగొచ్చాక కూడా ఆపకూడదని, పొద్దు గూకితే చేతులు, కాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలని, తెర లేకుండా పడుకోవద్దని చెప్పింది.

హైమావతి నవ్వింది. “నేను ఆ దోమల మధ్యే పుట్టి పెరిగాను. మా ఊరి దోమలు నన్నేం చేస్తాయి?”

“అక్కడ పుట్టినా సరే, ఇన్నేళ్లు దూరంగా ఉంటే ఒంట్లో ఆ బలం మిగలదు. ఈ మాట రోగులకు నువ్వే కదా చెబుతావు!” అని బిన్సి కోప్పడింది.

నిజమే, రోగులకు చెబుతుంది. తన దాకా వచ్చేసరికి ఆమె నర్సు కాదు, ఆ ఊరి పిల్ల. బిన్సి పోరు పడలేక మాత్రలు కొంది. నన్ను మాత్రం ఇష్టపడే కొంది, తన కోసం కాదు, అక్క కోసం. అక్క పేరు చిలకమ్మ. తల్లి పోయాక హైమావతిని పెంచింది ఆమే. ఇప్పుడు భర్త లేడు, పిల్లలు లేరు, ఆ ఇంట్లో ఒక్కతే ఉంటుంది.

పెట్టె సర్దే రోజు నేను వంటింటి బల్ల మీద ఉన్నాను. హైమావతి మాత్రల డబ్బా చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. “పుట్టిన ఊరికి పోతూ మాత్రలేటి? అప్ప సూస్తే సుట్టమొచ్చిందనుకోదూ?” అని తనలో తానే అనుకుని సొరుగులో పడేసింది. నాకు నోరుంటే అరిచేదాన్ని. ఆమె భయమల్లా ఒక్కటే. ఇన్నేళ్ల తర్వాత గుమ్మంలో అడుగుపెడితే అక్క తనను పరాయిదాన్ని చూసినట్టు చూస్తుందేమోనని. ఆ భయం ముందు జ్వరం ఆమెకు చాలా చిన్నదిగా కనబడింది.

కొండ దారిలో జీపు ఎగిరెగిరి పడుతుంటే నా ఆనందం ఇంతా అంతా కాదు. ఇక నన్ను విప్పుతారు, నాలుగు మేకులకు కడతారు, కింద అక్కచెల్లెళ్లు ఇద్దరూ పడుకుంటారు. కవరు మీది బొమ్మ నిజమవుతుందనుకున్నాను.

చిలకమ్మ నన్ను రెండు చేతులతో అందుకుంది. కవరు మీద నుంచే నిమిరింది. “ఒలమ్మ, ఎంత మెత్తగుందే! ఇప్పుడు తీస్తే మాసిపోద్ది. పెట్టెలో పెట్టీస్తాను” అంది. పెట్టీసింది. కలరా ఉండల మధ్య, ఇనప్పెట్టె చీకట్లో మళ్లీ ఎదురుచూపులే. ఖరీదైన వస్తువును మనవాళ్లు ఎంత ప్రేమిస్తారో అంత లోతుగా దాచేస్తారు.

ఆ పెట్టెలో నేను ఒంటరిని కాను. మూలన ఇంకో తెర ఉండలా చుట్టి ఉంది. ఎప్పుడో సర్కారువాళ్లు పంచినది, మందు వాసన ఏనాడో పోయింది, ఒళ్లంతా నీలం గుడ్డ అతుకులు. నిన్నటిదాకా తాను లేకుండా చిలకమ్మ ఒక్క రాత్రి కూడా పడుకోలేదని ఆ ముసలి తెర చెప్పింది. మరి నిన్నెందుకు దాచిందని అడిగాను. ఈ అతుకులు చూస్తే చెల్లెలి మనసు కష్టపడుతుందని పొద్దున్నే మేకుల నుంచి విప్పేసిందట. చెల్లెలికి దోమలు కుడతాయి కదా అని పొరుగావిడ అడిగితే, “ఆ దేశపోళ్లు సూదులు పొడిపించుకుని మరీ ఒస్తారు, దానికేటీ అవదు” అందట.

ఇదీ సంగతి. చెల్లెలు పరాయిదాన్ని కాకూడదని మాత్రలు మానేసింది. అక్కేమో చెల్లెలు బాధపడకూడదని తెర విప్పేసింది. ఒకరినొకరు ఒక్క మాట అడిగితే సరిపోయేది. ప్రేమ ఎక్కువైనచోట మనుషులు అడగడం మానేస్తారు కాబోలు. ఇద్దరూ చిన్నప్పటిలా ఒకే చాప మీద, ఒకే దుప్పటి కింద పడుకున్నారు. వాళ్ల కబుర్లు, నవ్వులు పెట్టెలోకి వినిపించేవి. మధ్యమధ్య చెంప మీద చరుచుకున్న చప్పుడు. నేను తొలిసారి దోమ గొంతు విన్నది అప్పుడే. నా జీవితమంతా దేనికోసమో అది రెండు బారల దూరంలో తిరుగుతుంటే నేను మడతల్లో పడి ఉన్నాను.

సెలవు అయిపోవస్తుండగా ఒక మధ్యాహ్నం హైమావతికి చలి పుట్టింది. మూడు దుప్పట్లు కప్పినా వణుకు ఆగలేదు. చిలకమ్మ పరిగెత్తుకెళ్లి ఆశా కార్యకర్తను పిలుచుకొచ్చింది. ఆమె ఇద్దరి వేళ్లూ పొడిచి రక్తం చూసింది. అక్కకు ఏమీ లేదు, చెల్లెలికి మలేరియా. మందులిచ్చి, వేళ తప్పకుండా చివరిదాకా వేసుకోవాలని, జ్వరం తగ్గకపోతే పాడేరు ఆసుపత్రికి తీసుకెళ్లాలని చెప్పి వెళ్లింది.

“సూదులు పొడిపించుకోనేదేటే?” అని చిలకమ్మ అడిగింది.

“దీనికి సూదులు కావప్పా, మాత్రలు. కొన్నాను. అక్కడే వదిలీసి వచ్చాను.”

“ఎందుకే?”

“నన్ను సుట్టంలా సూస్తావేమోనని.”

చిలకమ్మ విరుచుకుపడింది. “అమ్మ ఈ సలిజొరంతోటే పోయింది కదే! నీ పానం కన్నా నాకది ఎక్కువా? సుట్టానివి కాకపోతే మరేటి, ఈ సాప మీదే సచ్చిపోతావా?” అంటూనే ఏడ్చేసింది. ఏడుస్తూనే పెట్టె మూత తెరిచింది.

నా కోసమే అనుకున్నాను. ఆమె చేయి నన్ను దాటి మూలకు వెళ్లింది. పాత తెర తాళ్లు సిద్ధంగా ఉన్నాయి మరి, నన్నైతే కవరు చింపి, మడతలు విప్పాలి. ఆ కంగారులో ముసలి తెరే నాలుగు మేకులకూ ఎక్కింది. మూత తెరిచే ఉండటంతో అంతా చూశాను. హైమావతి పడుకునే చేయి చాపి ఒక నీలం అతుకును పట్టుకుంది.

“ఇది నా బడి లంగా కదప్పా?”

“మరి నీది ఇంకేటుంది నాకాడ?” అంది చిలకమ్మ. “సిరుగు పడినప్పుడల్లా దాన్నే కోసి కుట్టేదాన్ని. పక్కన నువ్వున్నట్టే ఉంటాది.” అని తానూ తెరలోకి దూరి, అంచు చాప కింద దోపి, చెల్లెలి తల ఒళ్లో పెట్టుకుంది. నాకు అసూయ కలిగిందని దాచుకోను. నా మందు, నా కొత్త దారం, నా కవరు మీది బొమ్మ, ఏవీ ఆ నీలం గుడ్డ ముందు నిలవలేదు.

జ్వరం తగ్గింది. వెళ్లే రోజు వచ్చింది. హైమావతి ముసలి తెరను మడిచి తన పెట్టె అడుగున పెట్టుకుంది. “దోమల్లేని దేశంలో ఆ సిరుగుల తెరెందుకే?” అని చిలకమ్మ నవ్వబోయింది. హైమావతి పెట్టె మూసేసింది. నా కవరు చింపి, తన చేత్తోనే నా నాలుగు తాళ్లూ మేకులకు కట్టింది. జీపు దగ్గర చిలకమ్మ గట్టిగా చెప్పడం వినిపించింది. “ఈసారి ఆ మాత్రలు ఏసుకునే రా. ఏసుకోకపోతే గుమ్మం ఎక్కనివ్వను.”

ఇప్పుడు నేను కోరుకున్నదంతా నాకుంది. సాయంత్రం కాగానే విప్పుతారు. దోమలు వచ్చి నా మీద వాలి చస్తాయి. వాటి ముఖం చూశాను, అంత ఎదురుచూడాల్సిన ముఖమేమీ కాదు.

అయితే నేను ఇద్దరికి సరిపోయే తెరను. నా కింద ఒక్కరే పడుకుంటారు. చిలకమ్మ ఎప్పుడూ గోడవైపు సగం వదిలి ఇవతల పడుకుంటుంది. రోజూ పడుకోబోయే ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఎవరూ లేని ఆ గోడవైపు అంచునే ముందుగా చాప కింద దోపుతుంది. ఎక్కడా సందు లేదని చేత్తో తడిమి చూసుకుంటుంది. ఆ తర్వాతే తన వైపు అంచు సంగతి చూసుకుంటుంది.